పుష్యమాసపు మిద్దెతోట: ముందు నీళ్లు తగ్గించండి, ఆ తరువాతే కత్తెర

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. హైదరాబాద్‌లో మూడంతస్తుల ఇంటి మిద్దె మీద గత జూన్‌లో సుమారు 40 కుండీలతో తోట మొదలుపెట్టారు. వానాకాలమంతా మొక్కలు కళకళలాడాయి. డిసెంబరు సగం దాటినప్పటి నుండి కరివేపాకు ఆకులు పసుపు పచ్చగా మారి రాలుతున్నాయి, టమాటా ఆకుల అడుగున ఊదా రంగు కనిపిస్తున్నది, మల్లె మోడులా నిలబడిపోయింది, చిక్కుడు చిగుళ్లకు నల్లటి పురుగు పట్టింది. సంక్రాంతి లోపల అన్నింటినీ కత్తిరించి, ఎరువు వేసి, ఎక్కువ నీళ్లు పెడితే తేరుకుంటాయా, ఇప్పుడు ఏ విత్తనాలు వేయవచ్చు అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే, అన్నింటినీ కత్తిరించకండి, అన్నింటికీ ఎరువు వేయకండి, నీళ్లు పెంచకపోవడమే కాదు, ఇప్పుడు పోస్తున్న దానిలో సగానికి తగ్గించండి. ఈ నెలలో కత్తెర పడవలసినవి మల్లె, జాజి, పూత అయిపోయిన చామంతి మాత్రమే. గులాబీకి వాడిన పూలు తీస్తే చాలు. నిమ్మ, మందార, కరివేపాకుల జోలికి పోవద్దు. ఆకుకూరలు, ముల్లంగి వంటివి ఈ రోజైనా చల్లుకోవచ్చు. బెండ, బీర, సొర, దోస వంటి వేసవి కూరగాయలకు సంక్రాంతి దాటే వరకు ఆగండి.

నేను 20 ఏళ్లకు పైగా సికింద్రాబాద్ వైపు ఒక మిద్దె మీద మొక్కలు పెంచుతున్నాను. ఈ కాలంలో నా వల్ల పోయిన మొక్కలలో అత్యధికం చలికి పోయినవి కావు, చలిలో నేను పోసిన నీళ్లకు పోయినవి. అందుకే నీళ్ల సంగతి ముందుగా, కొంచెం వివరంగా చెబుతాను.

నీళ్లు, ఎండ: ఈ రెండింటినీ కలిపి చూడాలి

మన దగ్గర జనవరిలో పగలు 28 డిగ్రీల వరకు వెచ్చగానే ఉంటుంది. రాత్రి మాత్రం 15 డిగ్రీల దాకా, కొన్ని రోజులు అంతకంటే కిందికి దిగుతుంది. పగటి ఎండ చూసి మనం మొక్కకు దాహంగా ఉందనుకుంటాం. కాని కుండీలోని మట్టి రాత్రంతా చల్లబడి, ఉదయం తొమ్మిది దాటే వరకు చల్లగానే ఉంటుంది. మట్టి చల్లగా ఉన్నప్పుడు వేరు నెమ్మదిగా పనిచేస్తుంది, నీటినీ తక్కువగా పీలుస్తుంది, పోషకాలనూ తక్కువగా తీసుకుంటుంది. పైగా పగటి కాలం 11 గంటలకు కాస్త అటూ ఇటుగా కుదించుకుపోయి ఉంటుంది కాబట్టి ఆకు చేసే పని కూడా తక్కువే. మొక్క తాగని నీరు కుండీలోనే నిలిచి, మట్టి కణాల మధ్య గాలిని తోసేస్తుంది. గాలి ఆడని వేరు కుళ్లుతుంది. వేరు కుళ్లిన మొక్క ఆకు వాలుస్తుంది. ఆకు వాలింది కదా అని మనం మరో చెంబెడు పోస్తాం. మిద్దె మీద చలికాలపు నష్టాలు ఎక్కువగా జరిగేది ఈ వరుసలోనే.

నేను పాటించే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. చూపుడు వేలిని రెండు కణుపుల లోతు మట్టిలోకి దించుతాను. వేలి కొనకు చల్లగా, తడిగా తగిలి, మట్టి వేలికి అంటుకొని వస్తే ఆ రోజు నీళ్లు లేవు. పొడిగా రాలిపోతేనే పోస్తాను. 12 అంగుళాల గ్రో బ్యాగులో ఉన్న వంగ మొక్కకు ఏప్రిల్‌లో రోజుకు లీటరున్నర పోస్తే, ఇప్పుడు రెండు రోజులకొకసారి ముప్పావు లీటరు సరిపోతున్నది. కోకోపిట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఎక్కువగా కలిపిన మట్టి అయితే మూడు రోజులు కూడా ఆగుతుంది. దానితో ఒక చిక్కు ఉంది. పైన అంగుళం మేర ఎండి తెల్లగా కనిపిస్తుంటే లోపల పిండితే నీరు కారేంత తడి ఉంటుంది. కంటిని నమ్మకండి, వేలినే నమ్మండి.

పోసే వేళ కూడా ముఖ్యమే. సాయంత్రం పోయకండి. రాత్రంతా తడి మీద చలి కూర్చుంటుంది, బూడిద తెగులుకూ వేరుకుళ్లుకూ అదే అదను. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య, కుండీ మీద ఎండ పడడం మొదలైన తరువాత పోయండి. తెల్లవారుజామున ట్యాంకు నుండి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత చల్లగా ఉంటాయి కాబట్టి నేను రెండు బకెట్లు పట్టి అరగంట ఎండలో ఉంచి, నారు మళ్లకూ లేత మొక్కలకూ ఆ నీళ్లే వాడుతాను.

ఇక ఎండ. మిద్దెతోట మొదలుపెట్టిన తొలి ఏడాది దీనిని దాదాపు ఎవరూ గమనించరు. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. డిసెంబరు చివరికి వచ్చేసరికి అదే సూర్యుడు దక్షిణానికి వాలిపోయి, మిట్ట మధ్యాహ్నం కూడా దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే మూడడుగుల పిట్టగోడ నీడ నడి మధ్యాహ్నం సైతం రెండున్నర అడుగుల దాకా మిద్దె మీదికి పరుచుకుంటుంది. దక్షిణపు పిట్టగోడకు ఆనించి పెట్టిన కుండీలు జూన్‌లో చక్కగా ఎండ తిని ఉంటాయి. ఇప్పుడు వాటి మట్టి మీద రోజంతా ఎండ పొడ పడదు. మొక్క తల గోడ పైకి వచ్చి ఆకులకు ఎండ తగులుతున్నా, కుండీ మాత్రం నీడలో చల్లగా, ఎప్పుడూ తడిగానే ఉండిపోతుంది.

మీరు పంపిన ఫొటోలో కరివేపాకు, రెండు టమాటాలు ఉన్న వరుస నీడలో కనిపిస్తున్నది. అది దక్షిణపు గోడ అయితే మీ సమస్యలో సగం అక్కడే ఉంది. ఆ కుండీలను ఉత్తరపు గోడ దగ్గరకు మార్చండి. ఆ గోడ దక్షిణపు ఎండను రోజంతా పట్టి, సాయంత్రం వరకు కాస్త వెచ్చదనం నిలుపుకుంటుంది. మార్చడం కుదరని పెద్ద కుండీల కింద రెండు వరుసల ఇటుకలు పేర్చి ఎత్తు పెంచండి. ఈ మార్పు మార్చి మొదటి వారం వరకే అవసరం.

తులసి గురించి మీరు అడగలేదు కాని చెప్పకుండా ఉండలేను. ధనుర్మాసంలో ఇంటిల్లిపాదీ స్నానం చేసి తలా ఒక చెంబు తులసికోటలో పోస్తే, ఆ మొక్క పుష్యం దాటడం కష్టం. పూజకు ఒక ఉద్ధరిణెడు నీళ్లు చాలు. మిగిలిన నీటిని పక్కనున్న మరో కుండీకి పోయండి. కంకులు ముదిరి గోధుమ రంగుకు వస్తే తుంచి గింజలు దాచుకోండి. కంకి మొక్క మీదే ఉంటే ఉన్న బలమంతా గింజకే పోతుంది.

కత్తెర: మల్లెకు ఇప్పుడే, గులాబీకి కాదు

మల్లె మోడులా ఉందని దిగులుపడుతున్నారు. అది విశ్రాంతిలో ఉన్నది, అలా ఉండడమే దానికి మంచిది. తోటలు వేసే రైతులు నవంబరు నుండే నీళ్లు కట్టడం తగ్గిస్తారు, ఆకు రాలడానికి తోటలో గొర్రెల మందను తోలే పద్ధతి కూడా మన ప్రాంతాలలో ఉంది. ఆకు రాలి, కొమ్మ ఎండకు ముదిరి, ఆ తరువాత కత్తెర పడితేనే కొత్త చిగురు వస్తుంది. గుండుమల్లె మొగ్గ కొత్త చిగురు కొసలోనే పుడుతుంది. పాత కొమ్మను అలాగే ఉంచితే పాదు పొడుగ్గా సాగి, చివర్లలో నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

నేను చేసే విధానం ఇది. డిసెంబరు చివరి పది రోజులు మల్లె కుండీలకు నీళ్లు దాదాపు ఆపేస్తాను. జనవరి మొదటి వారంలో ఒక ఎండ రోజు చూసుకొని, ముందుగా మిగిలిన ఆకులను కింది నుండి పైకి దూసేస్తాను. ఆకు లేనప్పుడు కొమ్మల అమరిక స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ఎండు పుల్లలు తీయాలి. గోటితో బెరడు మీద కొద్దిగా గీరితే లోపల పచ్చగా కనిపిస్తే అది బతికిన కొమ్మ, గోధుమ రంగు అయితే ఎండినది. తరువాత పొద లోపలికి పెరిగిన సన్నని పుల్లలు తీయాలి. చివరిగా మిగిలిన కొమ్మలను మట్టి నుండి అడుగు ఎత్తు వదిలి, కణుపుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. నేలలో ఉన్న పెద్ద పొద అయితే అడుగున్నర వదలవచ్చు. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర కొమ్మను నలిపితే ఆ నలిగిన చోటు నుండి ఎండు కిందికి దిగుతుంది.

కోసిన తరువాత వారం రోజులు ఏమీ చేయను. ఆపైన కుండీలో పై రెండు అంగుళాల మట్టిని వేళ్లతో తీసి, మూడు రోజులు ఎండ తగలనిచ్చి, అంతే పరిమాణంలో బాగా మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి నింపి, అప్పుడు నిండుగా నీళ్లు పోస్తాను. మూడు, నాలుగు వారాలలో కణుపుల దగ్గర లేత చిగుళ్లు జంటలుగా విచ్చుతాయి. మార్చి రెండవ, మూడవ వారాలకు మొగ్గలు చూడవచ్చు. మల్లె కుండీలు రెండో మూడో ఉంటే అన్నింటినీ ఒకే రోజు కోయకండి, రెండు వారాల ఎడం ఇవ్వండి. పూత కూడా అలాగే అంచెలంచెలుగా వస్తుంది. మా ఇంట్లో ఉగాదికి ఒక కుండీ, శ్రీరామనవమి తరువాత మరొకటి పూయడం చాలా ఏళ్లుగా ఇలాగే సాగుతున్నది.

జాజికి కూడా ఇదే నెల. చామంతి పూత అయిపోగానే కాడలను నాలుగు అంగుళాలు వదిలి కోసేయండి. మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి, ఫిబ్రవరిలో వాటిని వేరుతో సహా విడదీసి నాటుకుంటే వచ్చే ఏడాదికి తల్లి మొక్కలు సిద్ధం. చామంతి పొద్దు తక్కువైనప్పుడే పూసే మొక్క కాబట్టి దానిని వేసవి అంతా బతికించుకోవడమే మన పని, పూల కోసం తొందరపెట్టి లాభం లేదు.

గులాబీని ఇప్పుడు గట్టిగా కత్తిరించకండి. మన వాతావరణంలో దాని కత్తిరింపు వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరులో జరగాలి. ఇప్పుడు వస్తున్న పూలు ఆ కత్తిరింపు ఫలమే. వాడిన పువ్వును, దాని కిందనున్న అయిదు రెక్కల ఆకు పైన కోస్తే చాలు. ఈ నెలలో గట్టిగా కోస్తే వచ్చే లేత చిగురు ముదిరేలోగా మార్చి ఎండలు తగులుతాయి. నా దగ్గర ఒక నాటు గులాబీని ఎవరో చెప్పారని జనవరి చివర్లో మొదలంటా కోశాను. ఆ వేసవి దాటలేదది.

మందార మొగ్గలు రాలుతున్నాయంటే చలి వల్ల కావచ్చు, పిండినల్లి వల్ల కూడా కావచ్చు. మొగ్గ తొడిమ దగ్గర తెల్లటి దూదిలాంటిది ఉందేమో చూడండి. ఉంటే పాత టూత్‌బ్రష్‌ను సబ్బు నీళ్లలో ముంచి రుద్ది కడగండి. కత్తిరింపు ఫిబ్రవరి చివరికి పెట్టుకోండి.

నిమ్మకు వేరే లెక్క. జనవరి, ఫిబ్రవరి పూత కోసం నిమ్మ రైతులు డిసెంబరులో నీరు ఆపి చెట్ల ఆకు వాడిపోయేలా చేస్తారు. కుండీలో ఆ పద్ధతిని అచ్చంగా పాటిస్తే మొక్క చనిపోతుంది, కుండీలో వేరుకు దాచుకునే చోటు లేదు. ఎనిమిది, పది రోజుల పాటు నీళ్లు బాగా తగ్గించి, మధ్యాహ్నం ఆకు కొద్దిగా ముడుచుకోవడం కనిపించిన రోజునే మళ్లీ మొదలుపెట్టండి. కొమ్మలు కోయకండి. ఇంటి ముందు నేలలో మామిడి చెట్టు ఉన్నవారు మాత్రం ఇప్పుడు పాదులో నీళ్లు పోయకుండా ఉండాలి. పిందె బఠాణీ గింజంత అయిన తరువాతే నీరు. పూతకు ముందు నీళ్లు పోస్తే పూతకు బదులు ఆకు చిగురు వేస్తుంది.

టమాటా ఆకుల ఊదా రంగు తెగులు కాదు

మట్టి చల్లబడినప్పుడు వేరు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు. మట్టిలో భాస్వరం ఉంటుంది, మొక్కకు అందదు. ఆకు అడుగున, నరాల వెంట ఊదా రంగు తేలడం దాని గుర్తు. దీనికి భాస్వరం ఉండే డీఏపీ ఎరువు గుళికలు వేయమని సలహాలు వస్తాయి. వేయకండి, అందని దానిని ఇంకా పోగు చేయడం తప్ప ప్రయోజనం లేదు. కుండీని ఎండలోకి మార్చి, నీళ్లు తగ్గించి, మట్టి పై పొరను చిన్న పారతో గుల్ల చేయండి. ఎండ ముదిరే కొద్దీ వచ్చే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. ఊదా రంగుకు మారిన పాత ఆకులు మాత్రం పూర్తిగా తేరుకోవు.

అయితే ఆకులు పైకి ముడుచుకొని, చిన్నవై, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్. దానికి మందు లేదు. ఆ మొక్కను పీకి సంచిలో కట్టి పారేయాలి, కంపోస్టులో వేయకూడదు. ఇది మాటిమాటికీ వచ్చే ఇళ్లలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా రక్షక్ వంటి తట్టుకునే రకాన్ని వేసుకోవడం మేలు.

చిక్కుడు పాదుకు పట్టిన నల్ల పురుగు

అది పేనుబంక. లేత చిగురు, పూత కాడ, పిందె తొడిమ, ఈ మూడు చోట్ల నల్లగా అతుక్కొని రసం పీలుస్తుంది. ఈ కాలంలో చిక్కుడుకు అది రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. చిక్కుడు పొద్దు తగ్గిన తరువాతే పూతకు వచ్చే పాదు కనుక దాని అసలు కాపు ఇప్పుడే, దాని శత్రువు రావడం కూడా ఇప్పుడే. పాదును మాత్రం తీసేయకండి. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడు ఆకుల మీద పరమాన్నం నివేదించే ఆచారం మన ఇళ్లలో ఎలా వచ్చిందో ఈ పాదు కాపు వేళను చూస్తే అర్థమవుతుంది. అప్పటి వరకు అది కాస్తూనే ఉండాలి.

మందు కొట్టే ముందు అయిదు నిమిషాలు ఆ పాదు దగ్గర నిలబడి చూడండి. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగులు కనిపిస్తే అవి మీ తోట కాపలాదారులు. వాటి పిల్ల పురుగులు మాత్రం తల్లిని పోలి ఉండవు. బూడిద రంగులో, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకుతుంటాయి. తెలియక చాలామంది వాటినే ముందుగా నలిపేస్తారు. ఒక్కొక్క పిల్ల పురుగు రోజుకు పదుల కొద్దీ పేనును తింటుంది. అవి ఉన్న కొమ్మను వదిలేయండి, వారం పది రోజులలో అవే శుభ్రం చేస్తాయి.

అవి లేని కొమ్మలకు మా నాయనమ్మ చేసిన పద్ధతే నేను ఇప్పటికీ చేస్తాను. తెల్లవారి మంచు ఆకు మీద తడిగా ఉన్నప్పుడు జల్లించిన కట్టెల బూడిదను పలుచని గుడ్డలో మూట కట్టి, చిగుళ్ల మీద తట్టాలి. తడికి బూడిద అంటుకుంటుంది, పేను ఊపిరాడక రాలుతుంది. రెండు రోజుల తరువాత నీళ్లతో కడిగేయాలి. ఉధృతి ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఎండ తగ్గాక, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. చలికి వేపనూనె గడ్డకడుతుంది. గడ్డకట్టిన నూనెను చల్లటి నీటిలో కలిపితే కలవదు, పిచికారీ మూతిలో ఇరుక్కుంటుంది, కొన్ని ఆకుల మీద చిక్కగా పడి మాడుస్తుంది. సీసాను పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి, ముందుగా నూనెనూ సబ్బునూ కలిపి, ఆపైన గోరువెచ్చని నీటిలో వేసి గిలకొట్టండి.

ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. తొలి దశలో లీటరు నీటికి 100 మిల్లీలీటర్ల పుల్లటి మజ్జిగ కలిపి వారానికొకసారి కొట్టడం నాకు బాగానే పనిచేసింది. ముదిరితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టిన తరువాత రెండు వారాలు గడవనిదే గంధకం కొట్టకూడదు, రెండూ కలిస్తే ఆకు మాడుతుంది. దీనిని దయచేసి గుర్తుంచుకోండి, నేను ఒక బీర పందిరిని దీనివల్లే పోగొట్టుకున్నాను.

ఎరువు, భోగి మంట

నిద్రపోతున్న మొక్కను లేపి అన్నం పెట్టకూడదు. కరివేపాకు, నిమ్మ, మందారలకు ఫిబ్రవరి దాకా ఏ ఎరువూ వద్దు. కాపు మీదున్న చిక్కుడు, వంగ, టమాటాలకు, పూత మీదున్న గులాబీకి పదిహేను రోజులకొకసారి రెండు గుప్పిళ్ల వర్మీ కంపోస్టు చాలు. నత్రజని ఎక్కువైతే వచ్చే లేత ఆకును చూసి పేనుబంక వెతుక్కుంటూ వస్తుంది.

మీ కంపోస్టు డబ్బా పని నెమ్మదించిందంటే అదీ చలి వల్లే. దానిని కూడా ఉత్తరపు గోడ దగ్గర ఎండలోకి మార్చి, వేసే తొక్కలను చిన్న ముక్కలు చేసి, వారానికొకసారి కలియబెట్టండి. మీ వీధిలో బాదం చెట్టు ఉంటే ఈ రోజులలో ఆకులు ఎర్రబడి రాలుతుంటాయి, వేప కూడా త్వరలో రాలుస్తుంది. వేసవిలో కుండీల మీద కప్పడానికి ఆ ఎండుటాకే మీకు దొరికే గొప్ప ఆస్తి. భోగి మంటలో వేయడానికి పిల్లలు ఊడ్చుకుపోయే లోపల రెండు బస్తాలు నింపుకొని పెట్టుకోండి.

భోగి మంట బూడిద కుండీలకు వేయవచ్చునా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతుంటారు. ఉత్త కట్టె, పిడకలు కాలిన బూడిద అయితే కూరగాయల కుండీకి ఒక చిన్న గుప్పెడు వేయవచ్చు, పొటాషియం అందుతుంది. అది మట్టిలో క్షారగుణం పెంచుతుంది కాబట్టి అంతకు మించకూడదు. రంగులేసిన తలుపు చెక్కలు, టైర్లు, ప్లాస్టిక్ కాలిన మంట బూడిదను మాత్రం తోట దరిదాపులకు రానివ్వకండి.

ఇప్పుడు వేయవలసిన విత్తనాలు

పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి ఈ రోజే వేయండి. ధనియాలను చపాతీ కర్రతో నెమ్మదిగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. ఈ చలికి మొలక రావడానికి పది, పన్నెండు రోజులు పట్టవచ్చు, రాలేదని తవ్వి చూడకండి. క్యారెట్‌కు దాదాపు మూడు నెలలు కావాలి కనుక ఈ వారమే ఆఖరు. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు ఇప్పుడు కొనకండి, గడ్డ కట్టే వేళకు ఎండలు ముదురుతాయి.

బెండ గింజకు వెచ్చటి మట్టి కావాలి, 20 డిగ్రీలకు దిగువన అది మొలవక మట్టిలోనే కుళ్లుతుంది. ఉత్తరాషాఢ కార్తె సాగుతుండగా, అంటే జనవరి 20 ప్రాంతంలో మొదలుపెట్టండి. బీర, సొర, కాకర, గుమ్మడి గింజలకు పెంకు గట్టిది కాబట్టి ఒక రాత్రి నానబెట్టి, తడి నూలు గుడ్డలో కట్టి, చిన్న డబ్బాలో పెట్టి, వంటింట్లో పొయ్యికి దూరంగా వెచ్చగా ఉండే అరలో ఉంచండి. మూడు నుండి అయిదు రోజులలో తెల్లటి మొన బయటికి వస్తుంది. ఆ మొన కిందికి ఉండేలా అంగుళం లోతున పెట్టండి. ఈ పాదులను మార్చి దాకా జాప్యం చేయకపోవడానికి మరో కారణం ఉంది. పొద్దు తక్కువగా, రాత్రులు చల్లగా ఉన్నప్పుడు ఎదిగిన పాదుకు ఆడ పూలు ఎక్కువగా వస్తాయి. పొద్దు పెరిగి ఎండ ముదిరితే మగ పూలే విరగబూస్తాయి. టమాటా, వంగ, మిరప నారు కూడా ఇప్పుడే పోసుకుంటే ఫిబ్రవరిలో నాటుకోవచ్చు.

నేను చెప్పినదంతా హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ వంటి చోట్లకు సరిపోతుంది. విజయవాడ, కాకినాడ వైపు రాత్రులు ఇంత చల్లబడవు, అక్కడ నీరు మరీ సగానికి తగ్గించనక్కర లేదు, వేసవి పాదులను వారం ముందే వేయవచ్చు. కాని మంచు ఎక్కువ కాబట్టి ఆకుమచ్చ తెగుళ్ల మీద కన్ను వేసి ఉంచాలి. ఆదిలాబాద్‌లోనూ, అరకు, లంబసింగి వంటి మన్యం ఊళ్లలోనూ రాత్రి 10 డిగ్రీల కిందికి దిగే రోజులలో లేత నారు మీద పాత పంచె కప్పి, పొద్దెక్కగానే తీసేయాలి.

ఇక మీ కరివేపాకు. 15, 16 డిగ్రీల దగ్గర అది ఎదగడం మానేస్తుంది, పాత ఆకులను పసుపు చేసి వదిలించుకుంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు దానిని అక్టోబరులోనే ఇంట్లోకి చేర్చి కిటికీ పక్కన పెట్టుకునేది అందుకే. అక్కడ కూడా ఎక్కువ నీళ్లకే అది పోతుంటుంది. మీ మొక్క చనిపోయిందని అనుకోవడం లేదు కాని, కుండీ అడుగు రంధ్రాన్ని ఒకసారి చూడాలి. కుండీని పక్కకు వాల్చి, ఆ రంధ్రంలోకి పుల్ల దించండి. పుల్ల దిగకపోతే వేర్లో, మట్టో అడ్డుపడ్డాయని అర్థం, గుచ్చి తెరవండి. అప్పుడు బురద నీరు కారి మురుగు వాసన వస్తే మొక్కను మట్టితో సహా బయటికి తీసి, నల్లగా మెత్తబడిన వేర్లను కోసి, పొడి ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమపాళ్లలో కలిపి తిరిగి నాటండి. వాసన లేకపోతే కదపకండి. ఎండలోకి మార్చి, వారం రోజులు నీళ్లు ఆపి, ఆపైన వేలు చెప్పినప్పుడే పోయండి. కూరకు కూడా దాని నుండి రెబ్బలు తుంచకండి. ఫిబ్రవరిలో కొమ్మ చివర గోరంత ఎర్రటి చిగురు కనిపించిన రోజున తల అంగుళం మేర తుంచి, మొదలు చుట్టూ రెండు గుప్పిళ్ల ఎరువు వేసి, ఒక గ్లాసెడు పలుచటి పుల్ల మజ్జిగ పోయండి. అప్పటికి కూడా చిగురు రాకపోతే, మల్లెకు చెప్పినట్లే కాండం మీద గోటితో గీరి చూసి, లోపలి రంగు ఏమిటో నాకు రాయండి.